రోగి నోటిమాట, రక్తహీనత



నేటి నా ప్రసంగమునకు విషయము రక్తహీనత. లోకమున రక్తహీనత పలువిధములుగా కలుగును. వానిలో నేను చెప్పబోవునది కేన్సరునకు, అనగా మన పెద్దలు రాచపుండనుచు వచ్చిన వ్యాధికి, చికిత్స పొందుచున్నవారిలో కలుగునది. ఆ కొరతను రోగి తన నోట చెప్పుకొను బాధలనుబట్టి ముందుగా ననుమానింపవచ్చునా? అనుమానింపవచ్చునన్నచో ఆ యనుమానమునకు విలువ యెంత? దాని హద్దు ఎక్కడ? గ్రామములందలి పెద్దలు ఇందు చేయదగిన పని యేమి? ఈ నాలుగు ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పెదను.

నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును బోధించి విరమించినవాడను. మాటను తూచుట, ఒక మాటకును మరియొక మాటకును గల భేదమును గుర్తించుట నా వృత్తి. ఈ విషయమున మొదటి పనిముట్టు సూదియు గాదు, యంత్రమును గాదు. రోగి పలుకు మాట. అందుచేతనే దీనిని గూర్చి ముచ్చటించుటకు సాహసించితిని.

నా నివాసము హైదరాబాదునకు తూర్పు భాగమున, దిల్‌సుఖ్‌నగరు చెంత. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము మొదలగు ప్రాంతములనుండి విజయవాడ బాటను వచ్చు బస్సులకు పట్టణమున మొదట తగులు పెద్దకూడలి ఎల్.బి.నగరు. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేటకును ఎల్.బి.నగరునకును నడుమ మెట్రో రైలు ప్రారంభమైనది. అది మొదలుకొని బస్సు దిగిన రోగులు అక్కడనే మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియలు, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరు దాటి, మరియొక బండి మారనక్కరలేకయే లకడీకాపూలు చేరుచున్నారు. అచ్చటికి సమీపముననే రెడ్‌హిల్సులో 1955లో నెలకొల్పబడిన మెహదీ నవాజ్ జంగు కేన్సరు ఆసుపత్రి యున్నది. ప్రభుత్వము నడుపు ఆసుపత్రి యగుటచే బీదసాదలకు అదియే పెద్దదిక్కు. బంజారాహిల్సున 2000వ సంవత్సరమున తెఱువబడిన బసవతారకము ఇండో అమెరికను ఆసుపత్రి మరియొకటి. ఈ చోట్లకు పోవువారిలో పలువురు ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో బంధువుల యిండ్లనో, అద్దెగదులలోనో రెండు దినములు తలదాచుకొని, మందు ఎక్కించుకొని, మరల తమ యూళ్లకు పోవుదురు.

ఈ పోవుటలోనే చిక్కు కలదు. కీమోథెరపి యను మందుల చికిత్స పెక్కుమార్లు రెండు మూడు వారముల కొకపర్యాయము జరుగును. ఆసుపత్రిలో నున్న ఒకటి రెండు దినములు వైద్యుని కన్ను రోగిమీద నుండును. తక్కిన పదునెనిమిది, ఇరువది దినములు రోగి తన యింట, తన యూర నుండును. నోటితో మ్రింగు మాత్రల చికిత్స యైనచో ఆ వ్యవధి మఱింత దీర్ఘము. ఆ దినములలో రక్తము తగ్గుచున్నదో లేదో చూచువా రెవ్వరు? రోగి మాటను వినగలవారు ఇంటివారును, ఇరుగుపొరుగువారును, మీవంటి పెద్దలునే గదా!

ముందు రక్తము సంగతి కొంచెము చెప్పెదను. మన నెత్తుటిలో ఎఱ్ఱకణములున్నవి. వానియందు ఇనుముతో కూడిన హీమోగ్లోబిను అను పదార్థము కలదు. అది ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పుచ్చుకొని దేహమంతటికిని చేరవేయును. కళ్లమునుండి ఇంటికి ధాన్యము తోలు బండ్లవంటివి ఈ కణములు. బండ్లు పది యుండవలసినచోట ఆఱే యున్నచో, అంతే ధాన్యము తోలవలెనన్న ఎద్దులు పరుగెత్తవలెను. ఆ పరుగే గుండెదడ. ఎంత పరుగెత్తినను గాదె నిండకున్నచో ఇంట తిండికి కొరత; ఆ కొరతయే కాళ్ల బరువు, తలతిరుగుడు, నడువబోయినచో రొప్పు. ఒక్కొక్క ఎఱ్ఱకణమునకు ఆయుర్దాయము ఇంచుమించు 120 దినములు. ఎముకలలోని మూలుగ దినదినమును క్రొత్తకణములను తయారుచేయుచు, చచ్చినవాని స్థానము నింపుచుండును.

కేన్సరు రోగికి ఈ యేర్పాటు పలుచోట్ల చెడును. వ్రణమునుండి రక్తము స్రవింపవచ్చును. కడుపులోని స్రావమైనచో కంటికి కనబడదు. మూలుగను రోగమే ఆక్రమింపవచ్చును. వ్రణకణములను చంపుటకిచ్చు మందులు, కొన్ని చోట్ల పెట్టు కిరణముల చికిత్స, మూలుగను కూడ నణగద్రొక్కును. సిస్‌ప్లాటిను వంటి మందు మూత్రపిండములను బాధించును; మూలుగకు ఎఱ్ఱకణములను చేయుమని యుత్తరువు పంపునది మూత్రపిండములనుండి పుట్టు ఎరిత్రోపోయిటిను అను రసమే గనుక, ఆ యుత్తరువు తగ్గును. దీర్ఘకాలపు వ్యాధితాపముచేత దేహమున ఇనుము ఉండియు తాళము వేసిన గాదెలోని గింజలవలె ఉపయోగపడకపోవును. నోట పుండ్లు, అరుచి, వాంతులు కలిగి తిండియే పోకుండవచ్చును. ఇన్ని కారణములు కలవు గనుకనే దీనికి ఒక్క మందు లేదు. కారణమును వెదకిన పిదప చికిత్స.

ఇది యెంతమందికి కలుగును? ఐరోపా దేశములు ఇరువదినాలుగింట పదునైదువేలకు పైగా కేన్సరు రోగులను పరిశీలించి 2004లో ప్రకటించిన యొక పెద్ద సర్వే కలదు. పేరు నమోదు చేసికొన్ననాడే నూటికి 39 మందికి రక్తహీనత యుండెను. పరిశీలన సాగిన కొన్ని నెలలలో ఏదో యొకప్పుడు రక్తహీనతకు లోనైనవారు నూటికి 67 మంది. అట్టివారిలో దానికై చికిత్స పొందినవారు మాత్రము నూటికి 39 మందియే. ఐరోపాలోనే యిట్లున్నది. మనదేశము సంగతి వేఱు చెప్పవలెనా? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో తెలంగాణమున నూటికి సుమారు 58 మంది, ఆంధ్రప్రదేశమున సుమారు 59 మంది రక్తము చాలనివారే. అనగా మన యాడువారిలో పలువురు రోగము రాకమునుపే వట్టిపోవుచున్న బావివంటివారు. అట్టి బావినుండి చికిత్స యను మోట తోడినచో అడుగు త్వరగా కనబడును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో పురుషునకు హీమోగ్లోబిను 13 గ్రాములకు, గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. ఇది ఒక డెసిలీటరు రక్తమున నుండవలసిన తూకము.

ఇక అడిగి తెలిసికొనుట. మన ప్రాచీనవైద్యులు రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు మార్గములను జెప్పిరి. చూచుట, తాకుట, అడుగుట. చరకసంహితలో చికిత్సాస్థానమునందలి పదునాఱవ యధ్యాయము పాండురోగమునకే వినియోగింపబడినది. పాండువనగా తెల్లబాఱిన పసుపు వన్నె. పేరే దర్శనమునుండి వచ్చినది. నేటికిని వైద్యులు క్రిందిరెప్ప లోపలిభాగమును, గోళ్లను, అరచేతులను చూచుచున్నారు. కాని రక్తము బాగుగా తగ్గిననే గాని ఆ తెలుపు స్పష్టముగా కనబడదు. కొంచెముగా తగ్గినప్పుడు కన్ను మోసపోవును. నాడి వేగము జ్వరమునను, భయమునను కూడ పెరుగును. కనుక మూడవదియైన ప్రశ్నమునకు విలువ హెచ్చినది.

ఆ ప్రశ్నమునే నేటి పాశ్చాత్యవైద్యులు శాస్త్రముగా దిద్దితీర్చిరి. 1997లో అమెరికాలో డేవిడ్ సెల్లాయు ఆయన సహచరులును కేన్సరు రోగుల రక్తహీనతకై యొక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు రక్తహీనతకు సంబంధించిన ప్రశ్నలు ఇరువది. పదుమూడు అలసటను గూర్చినవి. తక్కిన యేడింటిలో తలతిరుగుట, తలనొప్పి, ఊపిరి చాలకపోవుట, రొమ్మునొప్పి, నడచుటలో కష్టము మొదలగునవి కలవు. గడచిన ఏడు దినములలో నెట్లున్నదో రోగియే సున్న మొదలు నాలుగు వఱకు గుర్తు పెట్టవలెను. ఇట్టి జాబితాలు మరికొన్ని కలవు. కొన్నిట సున్న మొదలు పది వఱకు లెక్క. అలసటకు మూడు లోపు స్వల్పము, నాలుగు మొదలు ఆఱు వఱకు మధ్యమము, ఏడును ఆపైనను తీవ్రమని వైద్యులు సామాన్యముగా గ్రహింతురు. బడిపంతులు పిల్లవానికి మార్కులు వేసినట్లే, రోగి తన యలసటకు తాను మార్కులు వేయుననుట. ఐతే ఒక జాగ్రత్త కలదు. బడిలో పదికి పది వచ్చినవాడు ఉత్తముడు. ఇక్కడ పదికి పది వచ్చినచో ప్రమాదము. మన పల్లెలవారు ఈ తలక్రిందును గ్రహింపక, బాగున్నానని చెప్పబోయి తొమ్మిది యనుటయు కలదు. కావున అడుగువారు ముందుగా "సున్న అన్న బాధ లేదు, పది అన్న భరింపరాదు" అని విడమరచి చెప్పవలెను.

ఇంతకంటె పెద్దచిక్కు భాషలోనిది. ఇది నా వృత్తికి సంబంధించినది గనుక కొంచెము విస్తరించెదను. ఆయాసమను మాటను తీసికొనుడు. సంస్కృతమున నది ప్రయత్నమునకు, శ్రమకు, అలసటకు పేరు. తెలుగువాడుకలోనో ఊపిరి యాడక రొప్పుటకు పేరైనది. చదువుకొన్న యొక పంతులుగారు అలసట యను నర్థమున ఆయాసమనవచ్చును. చదువు లేని ముసలమ్మ ఊపిరి చాలుట లేదను నర్థమున ఆయాసమనవచ్చును. వైద్యునకు ఈ రెండును ఒకటి గావు. అలసట పెక్కు కారణముల వచ్చును; కూర్చున్నచోటనే ఊపిరి చాలకపోవుట వెంటనే చూడవలసినది. తెలంగాణపు పల్లెలలో ఊపిరి చాలకపోవుటను "దమ్మొస్తున్నది" అందురు. ఒడలు స్వాధీనమున లేకున్నచో "చాతనైతలేదు" అందురు. "పానం మంచిగ లేదు" అన్న మాటలో జ్వరము మొదలు దిగులు వఱకు సమస్తమును ఇమిడియుండును. పట్టణములో "కమ్‌జోరి" యను ఉర్దూమాటయు వాడుకయే. నీరసమన్న కొందఱికి సత్తువ లేకపోవుట, కొందఱికి ఆకలిచే సొమ్మసిల్లుట.

అందుచేతనే ఇట్టి ప్రశ్నావళులను తెనిగించునపుడు తెలిసినవారు మొదట తెలుగు చేయించి, మరియొకనిచేత తిరిగి ఇంగ్లీషు చేయించి, రెండు ఇంగ్లీషులను పోల్చి, ఆపైన రోగులకు వినిపించి "మీకేమి యర్థమైనది?" అని అడిగి సరిచూతురు. ఇంటిలో మన కంత తంతు అక్కరలేదు. మాటను విడిచి పనిని అడుగుట మేలు. "నీరసముగా నున్నదా?" అని అడుగుటకంటె, "బిందెడు నీళ్లు తెచ్చుటకు ఎన్నిమార్లు దింపుచున్నావు? పోయిననెల ఎన్నిమార్లు దింపితివి?" అని యడుగుడు. ఆ సమాధానమున శ్లేష యుండదు.

నేనెఱిగిన యొక సంగతి చెప్పెదను. నా పూర్వశిష్యు డొకడు నల్లగొండ ప్రాంతమువాడు. వాని తల్లికి చికిత్స జరుగుచుండ, మూడువారముల కొకసారి వచ్చినప్పుడెల్ల మా యింట దిగుచుండిరి. "ఎట్లున్నదమ్మా?" యని కొడుకడిగినచో "మంచిగనే ఉన్న బిడ్డా" అనుటయే యామె వాడుక. నాలుగవ పర్యాయము వచ్చినప్పుడు నేను, "అమ్మా, మెట్రో స్టేషనున మెట్లు ఎట్లు ఎక్కితివి?" అని యడిగితిని. కదలు మెట్లకు భయపడి ఆమె రాతిమెట్లమీదనే ఎక్కునని నాకు తెలియును. ఆమె కొంత తడవు ఊరకుండి, "మొదట్ల ఒక్క ఊపున ఎక్కిన సారూ. పోయినసారి ఒక్కకాడ ఆగిన. ఇయ్యాల మూడుకాడ కూసున్న" అనెను. కొడుకు ఆ మాటలను అట్లే కాగితముమీద వ్రాసి మఱునాడు వైద్యునకు చూపెను. మన ఆసుపత్రులలో సీబీపీ యని పిలుచు రక్తపరీక్ష యెటులను చేయవలసినదే. కాని ఆ కాగితమును చూచి వైద్యుడు ఫలితము వచ్చువఱకు మందు ఆపి యుంచెను. హీమోగ్లోబిను ఎనిమిదికి లోపే యుండెను. ఒక సీసా రక్తము ఎక్కించి, కారణము వెదకి, కొన్ని దినముల పిమ్మట చికిత్స సాగించిరి.

ఆమె అబద్ధమాడినదా? లేదు. రక్తము మెల్లమెల్లగా తగ్గినప్పుడు దేహము దాని కలవాటుపడును. మనిషి తనకు తెలియకయే పనులు తగ్గించుకొనును. తగ్గించిన పనికి అలసట రాదు గనుక బాగున్నాననుకొనును. దీనికి తోడు దాచుట కలదు. బాధ చెప్పినచో మందు ఆపుదురేమో యని భయము. కొడుకు కూలి మానుకొని వచ్చుచున్నాడే, ఇంకను ఖర్చు పెంచుటెట్లని మొగమాటము. "ఆ మందులకు నీరసము సహజమే" యని ఇంటివారి తీర్పు. ఆడువారి విషయమున మరియొకటి: వైద్యుడు ఆమెను అడుగును, భర్తయో కొడుకో సమాధానము చెప్పును. ఆసుపత్రి వరుసలలో నేను పలుమార్లు కన్నదిదియే. రోగి తానే చెప్పుకొను బాధకు విలువ యని మనము మాటలాడుచున్నాము. ఇతరులు చెప్పినచో ఆ విలువ సగము పోవును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. చెప్పనిదే వైద్యుడేమి చేయగలడు?

ఇంత చెప్పిన పిదప ఈ పద్ధతి హద్దును కూడ చెప్పకున్నచో మిమ్ము వంచించినవాడ నగుదును. అలసట రక్తహీనతకు మాత్రమే గుర్తు గాదు. రోగమే అలసట తెచ్చును. నిద్ర లేమి, నొప్పి, దిగులు, థైరాయిడు గ్రంథి మాంద్యము, ఊపిరితిత్తులలో నీరు, గుండె బలహీనత, ఇవన్నియు అదే మాటను పలికించును. ఒక లెక్క వేయుదము. ఇది బోధపడుటకు కల్పించిన లెక్క మాత్రమే. నూరుగురు రోగులు కలరనుకొనుడు. అందు నలువదిమందికి రక్తము తక్కువ. మన ప్రశ్నలు అడిగినచో ఆ నలువదిలో ముప్పదియిద్దఱు ఔనందురు, ఎనిమిదిమంది కాదందురు. రక్తము చాలినంత కల అఱువదిలోను ముప్పదిమంది వేఱు కారణములచేత ఔనందురు. మొత్తము ఔనన్నవారు అఱువదియిద్దఱు. అందు నిజముగా రక్తము తక్కువైనవారు ముప్పదియిద్దఱు. అనగా ఔనన్నవారిలో సగముమంది విషయమున అనుమానము తప్పు. కాదన్నవారిలోను ఎనిమిదిమంది జాఱిపోయిరి.

ఐనచో ఈ ప్రశ్నలు వ్యర్థమా? కాదు. జల్లెడ పని జల్లెడది, తూకపు పని త్రాసుది. రోగి మాట జల్లెడ, రక్తపరీక్ష త్రాసు. ఔనన్నవారిని పరీక్షకు త్వరపెట్టుటకే ప్రశ్న. కాదన్నారని వైద్యుడు చెప్పిన పరీక్షను మానుటకు గాదు. ప్రతి విడతకు ముందు చేయు సీబీపీని మాట యెన్నటికిని త్రోసిపుచ్చరాదు. మాటయొక్క ప్రయోజనము రెండు పరీక్షల నడిమి దినములలోను, చికిత్స ముగిసి ఊరనే యుండిపోయినవారి విషయమునను, మంచము పట్టి ఆసుపత్రికి తరచుగా పోలేనివారి విషయమునను మిక్కుటముగా కనబడును. అలసటకు కారణము రక్తహీనత కాదని తేలినను నష్టము లేదు. వేఱు కారణము వెదకుటకు దారి యేర్పడినది.

రోగి మాటను క్రమముగా వినుటవలన మేలు కలుగునా యని శోధించినవారు కలరు. అమెరికాలోని న్యూయార్కు నగరమున ఈథను బాష్ అను వైద్యుడును ఆయన తోడివారును, రోగము ముదిరి కీమోథెరపి పొందుచున్న 766 మందిని రెండు తెగలు చేసిరి. ఒక తెగవారు పండ్రెండు బాధలను గూర్చి కంప్యూటరుమీద తామే తెలుపుచుండిరి. తీవ్రమైనచో నర్సుకు కబురు పోవును. రెండవ తెగకు మామూలు పద్ధతి. 2017లో ప్రకటించిన ఫలితమున మొదటి తెగవారి నడిమి ఆయుష్షు 31.2 నెలలు, రెండవ తెగవారిది 26 నెలలు. ఇది రక్తహీనత నొక్కదానినే గూర్చిన శోధన కాదు. తరువాతి శోధనలలో ఆయుర్వృద్ధి అన్నిచోట్ల నొక్కరీతిని కనబడలేదు. కాని రోగుల బాధ తగ్గి, జీవితము కొంత సుఖవంతమైనదని 2022లో మరియొక పెద్ద శోధన తెలిపెను. ఇంతమాత్రము చాలదా, వినుట వృథా గాదనుటకు?

ఇక పెద్దలు చేయదగిన పని. మీ యూర చికిత్స పొందుచున్నవా రున్నచో ఆ యింట నొక నోటుపుస్తకము పెట్టించుడు. వారమున కొకదినము, సంతనాడో మరియే నాడో, ఒకే దినమున, ఒకే వ్యక్తి ఈ ప్రశ్నల నడిగి జవాబులను రోగి మాటలలోనే వ్రాయవలెను. గడచిన ఏడు దినములలో అలసట పదికి ఎంత? ఇంటినుండి గుడివఱకు నడచుటలో ఎన్నిచోట్ల నిలిచితివి? నడచినపుడు దమ్ము వచ్చినదా, కూర్చున్నప్పుడుకూడ వచ్చినదా? లేచి నిలుచున్నపుడు కండ్లు తిరిగినవా? ఊరకున్నప్పుడును గుండె దడదడలాడినదా? పగలెంతసేపు పరుండితివి? ఎక్కడనైన రక్తము కనబడినదా? ఈ యేడు ప్రశ్నలు చాలును. అడుగువారు రోగినే యడుగవలెను. ఆడువారిని ఆడువారడుగుట మేలు. ఊరి ఆశా కార్యకర్త సాయము కోరవచ్చును. ఒక్కవారపు అంకెకంటె వారమువారమునకు వచ్చు మార్పు ముఖ్యము. అలసట నాలుగు దాటినను, పోయినవారముకంటె రెండు మూడు అంకెలు పెరిగినను, రాబోవు తేదీ వఱకు ఆగక దగ్గఱి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి రక్తపరీక్షకు అడుగుడు. ఫలితమును ఆసుపత్రికి తెలియజేయుడు. పట్టణమునకు వచ్చునపుడు పుస్తకమును వెంట తెండు.

కొన్నింటికి వారపులెక్క పనికిరాదు. కూర్చున్నచోటనే ఊపిరి చాలకున్నను, రొమ్మున నొప్పి కలిగినను, సొమ్మసిల్లి పడినను, మలము తారువలె నల్లనైనను, రక్తపు వాంతియైనను ఆ పూటనే ఆసుపత్రికి చేర్చవలెను. కీమోథెరపి దినములలో జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో అదియు అట్టిదే. అది ఎఱ్ఱకణముల సంగతి గాదు, రోగముల నెదిర్చు తెల్లకణములు తగ్గుటచే కలుగు ప్రమాదము.

ఆహారము సంగతి పలువు రడుగుదురు. తోటకూర, గోంగూర, రాగులు, పప్పులు, గ్రుడ్లు, మాంసము తినువారికి మాంసము, ఇవి మంచివే. భోజనముతోపాటు తేనీరు త్రాగినచో ఇనుము ఒంటబట్టుట తగ్గును. కొంత వ్యవధి నిచ్చి త్రాగవలెను. కాని దానిమ్మరసముతోను, బీటురూటుతోను ఈ రక్తహీనత తీఱునని నమ్మి పరీక్ష మానరాదు. మూలుగయే అణగియున్నప్పుడు, ఇనుము గాదెలో తాళము పడియున్నప్పుడు, తిండి యొక్కటియే చాలదు. వైద్యునకు చెప్పక ఇనుపమాత్రలను గాని, లేహ్యములను గాని, భస్మములను గాని వాడరాదు. ఇనుపమాత్రలు మ్రింగువారికి మలము నల్లబడును. అది స్రావముచే వచ్చిన నలుపో, మాత్రచే వచ్చిన నలుపో తెలియక వైద్యుడు చిక్కుపడును.

రక్తము ఎక్కించుట సామాన్యముగా హీమోగ్లోబిను ఏడెనిమిది గ్రాములకు దిగినప్పుడు, లేక బాధ తీవ్రమైనప్పుడు ఆలోచింతురు. ఒక సీసా రక్తము ఇంచుమించు ఒక గ్రామును పెంచును. ఇనుము నిజముగా కొఱవడినవారికి దానిని సిరలగుండ ఇత్తురు. మూలుగను ప్రేరేపించు సూదిమందులును కలవు. కాని నెత్తురు గడ్డకట్టుట మొదలగు అపాయములు కనబడుటచే 2007 మొదలు వానిని మిక్కిలి జాగ్రత్తతో, కొందఱికే వాడుచున్నారు. ఏది ఎవరికి తగునో నిర్ణయించుట వైద్యుని పని. రక్తపు సీసా కావలసివచ్చినప్పుడు ఊరి యువకులను రక్తదానమునకు పంపుట మీ పని. ఒక సంవత్సరమున ఒక్కయూరినుండి పదిమంది కదలినను అది చిన్నసాయము గాదు.

చికిత్స ఖర్చునకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ యాధారము బీదలకు కలదు. యంత్రములు కలవు, వైద్యులు కలరు, రైలు కలదు. అన్నియు ఉండియు, నడిమి ఇరువది దినములలో రోగి యింటిలోని మూల మంచముమీద ఒంటరిగా తన యలసటను తానే మ్రింగుకొనుచున్నచో అవి ఆలస్యముగానే అక్కఱకు వచ్చును. ఈ వారము మీరు ఊరిలో నడచునపుడు అట్టి యింటి యరుగుమీద ఒక్క నిమిషము కూర్చుండుడు. "బాగున్నావా?" అని యడిగి లేచిపోక, "నిన్న ఎంతదూరము నడచితివి?" అని యడుగుడు. ఆ జవాబు పూర్తిగా వినుడు. కొడుకు చేత వ్రాయించుడు.